పర్లేదండీ

ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే రోడ్డు మీద మోటార్ల వైండింగు షాపు పెట్టుకున్న గౌస్ నోట్లో ఒక మాట ఉంది. ఆ మాట ఖరీదు మూడు లక్షలు. కొల్లేరు చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి అందించే ఏరియేటరు మోటారు కాలిపోతే రైతులు గౌస్ దగ్గరికే పరుగెత్తుకొస్తారు. పని అంత శుభ్రం. బాగుచేసిన మోటారు ఆటోలో వేసుకుంటూ, "డబ్బులు పట్టుబడికి ఇస్తానయ్యా" అంటారు. పట్టుబడి అంటే చెరువు పట్టి సరుకు అమ్మే రోజు. అది ఎప్పుడొస్తుందో రొయ్యకే తెలియదు. గౌస్ మాత్రం చేతులు తుడుచుకుంటూ "ఆయ్, పర్లేదండీ" అంటాడు. రాగి తీగ అప్పు చేసి కొనడం, మోటారు అరువుకి చుట్టివ్వడం. తన సొమ్ము ఊళ్ళో ఉంది, ఊళ్ళోవాళ్ళ సొమ్ము తన నెత్తిన ఉంది.

అలా వడ్డీ వ్యాపారి వెంకట్రాజుకి రాసిచ్చిన ప్రామిసరీ నోటు రెండుసార్లు తిరగరాయాల్సొచ్చింది. తిరగరాయడమంటే, కట్టలేకపోయిన వడ్డీని అసల్లో కలిపేసి కొత్త నోటు మీద మళ్ళీ సంతకం పెట్టడం. రెండోసారికి అప్పు మూడు లక్షలయింది. రెండోసారి సంతకం పెట్టొచ్చిన రోజు భార్య సఫియా ఏడవలేదు, అరవలేదు.

"మోటారుకి చుట్లు లెక్కపెట్టి చుడతారు కదండీ. లెక్క తప్పితే కాలిపోతుందంటారు. మరి ఇంటికి లెక్క అక్కర్లేదా?" అంది.

మర్నాడే అటక మీంచి ఖాళీ బిస్కెట్ డబ్బాలు దించింది. అద్దెకొకటి, బియ్యం సరుకులకొకటి, కూతురు ఫిజా కాలేజీ బస్సుకొకటి, రాగి తీగకొకటి. అన్నిటికన్నా పెద్ద డబ్బా వెంకట్రాజుది. షాపులో వచ్చిన డబ్బు ఏరోజుకారోజు డబ్బాల్లో పడాల్సిందే. ఒకటి ఖాళీ అయిందని పక్కదాంట్లో చెయ్యి పెట్టడానికి లేదు. మాంసం నెలకోసారయింది. పండక్కి ఉన్న బట్టలే ఇస్త్రీ చేసుకున్నారు. వీటన్నిటికీ తలూపిన గౌస్ ఆఖరి షరతు దగ్గర గిలగిల్లాడిపోయాడు. డబ్బు సంగతిలో "పర్లేదండీ" అంటే ఆ సాయంత్రం టీ లేదు. అన్నాడో లేదో అడగడానికి సఫియాకి సాక్షులక్కర్లేదు, మొగుడి మొహం చూస్తే చాలు. పాపం, మొదటి నెలంతా ఆయనకి టీ రుచే తెలియలేదు. ఆ తర్వాతా అప్పుడప్పుడూ నోరు జారుతూనే ఉంది.

రెండేళ్ళకి ఆఖరి కిస్తీ మిగిలింది. పద్దెనిమిది వేలు. వెంకట్రాజు ఇవాళ సాయంత్రం ఐదింటికి వస్తానన్నాడు. కట్టేస్తే నోటు చేతికొస్తుంది. లేదంటే గడువు దాటిందని మళ్ళీ తిరగరాస్తాడు, రెండేళ్ళు నోరు కట్టుకున్నదంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది. పెద్ద డబ్బాలో ఉన్నది పదివేల ఐదొందలు.

పొద్దున్నించీ గౌస్‌కి కాలు ఒకచోట నిలవలేదు. షట్టరెత్తి రోడ్డు దాకా వెళ్ళాడు, వెనక్కొచ్చాడు. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాడు. పదింటికి పెదపాడు వైపునుంచి పాండురంగారావు దిగాడు, ఆటోలో రెండు కాలిపోయిన మోటార్లతో. నాలుగు చెరువుల రైతు, పెద్దమనిషి. పాత బాకీ ఇరవై రెండు వేలు.

"సాయంత్రానికి కావాలి గౌసూ. మబ్బు పట్టింది చూశావుగా. రాత్రికి ఏరియేటర్లు తిరక్కపోతే ఆక్సిజన్ పడిపోద్ది, సరుకంతా తేలిపోద్ది" అనేసి వెళ్ళిపోయాడు.

గౌస్ పని మొదలుపెట్టాడు. చెయ్యి తీగ చుడుతోంది గానీ మనసు మాట చుడుతోంది. 'పాత బాకీ ఇస్తేగానీ మోటార్లివ్వలేనండీ.' ఛ, మరీ మొరటుగా ఉంది. 'తమరు ఏమీ అనుకోకపోతే...' అలా మొదలుపెడితే ఆయన ఏమీ అనుకోడు, ఏమీ ఇవ్వడు. ఇంతలో ఇంకో భయం. మోటార్లు ఆపితే చెరువు పోతుంది. ఆ పాపం ఎవరిది? ఆ ఆలోచనలో పడి చుట్లు లెక్క తప్పాడు. పాతికేళ్ళ సర్వీసులో ఎప్పుడూ లేనిది. తిట్టుకుంటూ విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం సఫియా ఫోన్ చేసింది. "ఏవండీ, అడిగారా?"

"ఇంకా రాలేదు."

"వచ్చాక అడుగుతారా?"

గౌస్ ఫోన్ పెట్టేసి మళ్ళీ తీగ అందుకున్నాడు.

నాలుగున్నరకి పాండురంగారావు వచ్చాడు. గౌస్ స్విచ్చి వేసి చూపించాడు. రెండు మోటార్లూ గుయ్యిమని తిరిగాయి.

"శభాష్! ఆటోలో పెట్టించు. పాతదీ కొత్తదీ కలిపి పట్టుబడికి ఇచ్చేద్దాం."

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. గౌస్ గుటకేసి మింగాడు. ఒక చెయ్యి మోటారు మీద పెట్టి, తలొంచుకుని, ఒక్క ఊపిరిలో అనేశాడు.

"మోటార్లు తీసుకెళ్ళండి, చెరువు ముఖ్యం. కానీ పాత బాకీలో ఎంతో కొంత ఇప్పుడే కావాలండీ. ఐదింటికి నా నోటు తిరగరాసేస్తారండీ."

పాండురంగారావు మొహంలో రంగు మారింది. చెడ్డ కోపం వచ్చిందనుకున్నాడు గౌస్.

"ఎంత పనిచేశావయ్యా!" అన్నాడాయన. "మేత కొట్టువాడు నలుగురిలో అరిచాడు, ఇచ్చేశాను. కరెంటోళ్ళు ఫ్యూజు పీకుతామన్నారు, ఇచ్చేశాను. నేనెప్పుడు బాకీ మాటెత్తినా నువ్వు పర్లేదండీ పర్లేదండీ అంటివి. గౌస్‌కేం, తొందర లేదు కాబోలనుకున్నా. అడిగినోళ్ళందరూ అయ్యాక నీకిద్దామని నిన్ను చివర పెట్టుకున్నాను."

గౌస్‌కి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. తన ఇంట్లో మాంసం మానిపించింది, పిల్లకి కొత్త బట్టల్లేకుండా చేసింది పాండురంగారావు కాదు, వెంకట్రాజూ కాదు. తనని లైన్లో చివర నిలబెట్టుకున్నది తనే. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి లేక తనమీదే కోపమొచ్చింది.

పాండురంగారావు ఫోన్ తీసి ఏడువేలు కొట్టాడు. అంతే ఉన్నాయట.

"మిగతాది ఎప్పుడండీ?" అన్నాడు గౌస్. తన గొంతేనా అని తనకే అనుమానమొచ్చింది.

"శుక్రవారం నుంచి వారానికి రెండువేలు" అని ఆయన ఆటో ఎక్కాడు.

పది నిమిషాలకి వెంకట్రాజు బండి ఆగింది. గౌస్ ఇంటినుంచి తెచ్చిన నగదు లెక్కపెట్టుకున్నాడు, గౌస్ పంపిన ఏడువేలు తన ఫోన్లో చూసుకున్నాడు. "ఐదొందలు తగ్గాయి గౌస్ గారూ. పర్లేదులెండి, మీరెక్కడికి పోతారు? నోటు నా దగ్గరే ఉంటుంది, వీలు చూసుకుని ఇవ్వండి."

ఎదుటివాడి నోట ఆ మాట వినడం గౌస్‌కి అదే మొదలు.

"పర్లేదు కాదండీ. కూర్చోండి, ఇప్పుడే వస్తా."

చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి కృపావరమ్మ టిఫిన్ బండి దగ్గరికెళ్ళాడు. ఆరునెలల క్రితం ఆవిడ గ్రైండరు చుట్టిచ్చి, ఆవిడకీ ఆ మాటే అన్నాడు. "అమ్మా, ఆ గ్రైండరు డబ్బులు ఐదొందలు..." అన్నాడు వగరుస్తూ.

"అయ్యో గౌసు గారండీ, మర్చేపోయానండి! చెప్పొద్దేటండీ?" అంటూ ఆవిడ గల్లాలోంచి తీసిచ్చింది. ఇంతేనా! ఇంత తేలికా! గౌస్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ ఐదొందలు వెంకట్రాజు చేతిలో పెట్టి, ప్రామిసరీ నోటు జేబులో వేసుకుని ఇంటికెళ్ళాడు. సఫియా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది, ఆయన సంతకాన్ని వేలితో నిమిరింది, చింపి పొయ్యిలో పడేసింది. కొంగుతో కళ్ళొత్తుకుని టీ పెట్టింది. గౌస్ ఇంకా కూర్చోలేకపోతున్నాడు. గుమ్మం దగ్గర నిలబడే గ్లాసందుకున్నాడు.

"పంచదార సరిపోయిందాండీ?"

"పర్లే..." అని ఆగిపోయాడు. సఫియా కళ్ళు చిన్నవి చేసి చూసింది.

"తగ్గింది సఫియా" అన్నాడు గౌస్. "ఇంకో చెంచా వెయ్యి."