హవల్దార్ బంగార్రాజు బతికే ఉన్నాడు

నేను నెమలినట. ఇది నాకు నేనుగా అనుకున్నది కాదు, ఫోను చెప్పింది. "మీలో దాగి ఉన్న పక్షి ఏది?" అని ఒక క్విజ్ వచ్చింది. ఇరవై నాలుగేళ్ళు ఆర్మీలో ఫిరంగుల దగ్గర పనిచేసి, హవల్దారుగా పింఛను పుచ్చుకున్నవాణ్ణి కదా, డేగ వస్తుందనో గద్ద వస్తుందనో ఆశగా నొక్కుకుంటూ పోయాను. ఆఖర్న తెర మీద నెమలి పురి విప్పింది. ఆ పూటంతా నేను చొక్కా తొడుక్కున్నా, దువ్వెన తీసినా, మా ఆవిడ నూకరత్నం నవ్వుతూనే ఉంది.

ఈ జబ్బు నాకు అంటించినవాడు సుబేదార్ గౌరీశంకర్. చోడవరంలోనూ, బుచ్చయ్యపేట, మాడుగుల వైపూ ఉన్న మాజీ సైనికులందరికీ కలిపి ఆయన ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాడు. పెట్టింది పింఛను కబుర్ల కోసం, నడుస్తున్నది క్విజ్‌ల మీద. మీరు ఏ పండు, పోయిన జన్మలో ఏ రాజు, మీ మనసు రంగేమిటి. పొద్దున్న టీ నీళ్ళు గొంతులో పడేసరికి ఒకడు పనసపండు, ఇంకొకడు సముద్రం. ఒకరోజు గౌరీశంకర్‌కి సీతాకోకచిలుక వచ్చింది. ఆయన అలిగి తాను పెట్టిన గ్రూపులోంచి తానే వెళ్ళిపోయాడు. బతిమాలి వెనక్కి తెచ్చుకునేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది.

నవ్వుకోండి, పరవాలేదు. కాని ఆర్మీలో ఉన్నన్నాళ్ళూ ఎప్పుడు లేవాలో, ఏం తొడుక్కోవాలో, ఎటు తిరగాలో అన్నీ ఇంకొకరే చెప్పారు. నంబరు అడిగారు, బూటు సైజు అడిగారు. నువ్వెలాంటివాడివి అని మాత్రం ఒక్కడూ అడగలేదు. ఇంటికొచ్చాక ఈ ఫోను, మీకు వాన ఇష్టమా ఎండ ఇష్టమా అని మర్యాదగా అడుగుతుంటే చెప్పబుద్ధి కాదా? నాకవుతుంది. అందులోనూ అది ఎప్పుడూ మంచే చెబుతుంది. "మీరు ఎదుటివారి మాట ఓపిగ్గా వింటారు" అని ఒకసారి చెబితే, నూకరత్నం ఫోను లాక్కుని అది నా ఫోనేనా అని అటూ ఇటూ తిప్పి చూసింది.

ఇక అసలు సంగతికొస్తాను. మా గుంట, అదే మా అమ్మాయి గౌతమి, అనకాపల్లిలో నర్సింగు రెండో ఏడు చదువుతోంది. మాజీ సైనికుల పిల్లల చదువుకి సర్కారు ఇచ్చే సాయం ఒకటుంది. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బళ్ళు వెళ్ళే రోజుల్లో దానికి దరఖాస్తు పెట్టాం. మళ్ళీ చెరుకు నరికే రోజులొచ్చాయి కాని సాయం రాలేదు. ఫోనులో ఎప్పుడు చూసినా "పరిశీలనలో ఉంది" అనే ఒక్క ముక్క. కాలేజీవాళ్ళు మంచివాళ్ళే, ఏడాదంతా ఆగారు. ఇప్పుడు మాత్రం సోమవారంలోగా ఫీజన్నా కట్టండి, సాయం మంజూరైనట్టు కాగితమన్నా తెండి, లేదంటే పరీక్ష రాయనివ్వలేం అన్నారు.

గౌతమి ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం ధైర్యంగా ఉండేది. ఎదురుగా కూర్చుని చక్కగా ప్లాను చెప్పింది. అనకాపల్లిలో ఒక బట్టల షాపులో బిల్లు కౌంటరు దగ్గర ఉద్యోగముందట. ఒక ఏడాది అది చేసి, డబ్బు కూడబెట్టుకుని మళ్ళీ చేరుతుందట.

"ఒక్క యేడే కద నాన్నా" అంది.

ఆ ఒక్క ఏడు సంగతి నాకు బాగా తెలుసు. నేను ఇంటరు మధ్యలో ఆపి ఆర్మీకి వెళ్ళినప్పుడు మా అమ్మ సన్యాసమ్మకి ఇదే మాట చెప్పాను. ఒక ఏడాది జీతం పంపి, తర్వాత సెలవు పెట్టి పరీక్ష రాసేస్తానన్నాను. ఆ పరీక్ష ఇప్పటిదాకా రాయలేదు. అలిగి వెళ్ళిన చుట్టం లాంటిది చదువు, వీధి చివర మన కోసం నిలబడి ఉండదు. నా కూతురికి కూడా అదే అవుతుందేమోనని నాకు చెప్పలేనంత భయం వేసింది. భయం వేస్తే నేను అరుస్తాను. బట్టల షాపు మాట ఈ ఇంట్లో ఇంకెవరూ ఎత్తకూడదని అరిచాను. అరుపులకి కాలేజీవాళ్ళు రసీదు ఇవ్వరని నూకరత్నం గుర్తు చేసింది.

మర్నాడు తెల్లారగానే, ఆ సాయం ఇచ్చే ఆఫీసుకని విశాఖపట్నం బస్సెక్కాను. సంచిలో డిశ్చార్జి పుస్తకం, పింఛను కాగితాలు, గౌతమి మార్కుల లిస్టులు. వాటి మీద మాడుగుల హల్వా పొట్లం ఒకటి పెట్టింది నూకరత్నం. ఆఫీసులో లంచమనుకుంటారే అంటే, ఆకలేస్తే నువ్వే తిను అంది. బస్సు సబ్బవరం దాటకముందే తినేశాను. బస్సు కుదుపులకి గౌతమి కాగితాల మీద కొంచెం నెయ్యి అంటింది.

ఆఫీసులో నేను వెతుకుతున్న బల్ల దగ్గర చిన్నావిడే కూర్చుని ఉంది, ముప్పై దాటి ఉండవు. పేరు శ్రీదుర్గ అని బల్ల మీద రాసుంది. నా దరఖాస్తు నంబరు చెబితే కంప్యూటర్లో కొట్టి చూసింది. చూసి, మొహం మెత్తగా పెట్టింది. కుర్చీ చూపించి కూర్చోమంది. మంచినీళ్ళు తెప్పించింది. నా జన్మలో ఏ ఆఫీసులోనూ నాకంత మర్యాద జరగలేదు. నెమలి మొహం మహిమేమో అనుకున్నాను.

"బంగార్రాజు గారు మీకేమవుతారండీ?" అని అడిగింది.

బంగార్రాజుని నేనే కదా, అర్థం కాక ఇంకో గుక్క నీళ్ళు తాగాను. ఆవిడ ఇంకా మెల్లగా, "పాపం, పోయేరు కదా" అంది.

ఆవిడ చెప్పిన దాన్ని బట్టి జరిగింది ఇది. దరఖాస్తులో రాసినవి నిజమా కాదా అని చూడడానికి ఆఫీసువాళ్ళు ఫోను చేస్తారు. శ్రీదుర్గే చేసింది. మొదటిసారి ఫోనెత్తిన మనిషి, నేను ఆర్మీ గీర్మీ కాదు, బెండకాయలు అమ్ముకుంటాను అన్నాడట. రెండోసారి, ఆ పేరు గలవాళ్ళు మా వీధిలోనే లేరన్నాడట. మూడోసారి చేస్తే, బంగార్రాజు పోయాడమ్మా, ఇంక ఫోను చెయ్యకు అన్నాడట. ఆయన గొంతు బాగా పూడుకుపోయిందని, మాట కూడా సరిగా రాలేదని ఆవిడ జాలిగా చెప్పింది. అప్పట్నుంచి దరఖాస్తుని పోయిన సైనికుల భార్యల విభాగానికి పంపి, మరణ పత్రం కోసం ఎదురు చూస్తున్నారట.

మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ గొంతు ఎక్కడో విన్నట్టే ఉంది. అప్పుడు తెలిసింది. ఆ మూడుసార్లూ ఫోనెత్తింది నేనే. గొంతు పూడుకుపోవడం కూడా నిజమే, నోట్లో పకోడీ ఉంది.

నా తప్పు అర్థం కావాలంటే మీరు ఆర్మీలో ఉండాలి. మాకు అక్కడ పదేపదే క్లాసు పీకేవారు. తియ్యటి గొంతుతో ఆడమనిషి ఫోను చేస్తుంది, నీ పేరు పెట్టి పిలుస్తుంది, ఏ యూనిట్లో చేశావు, ఎక్కడెక్కడ ఉన్నావు అని అడుగుతుంది. నీ నోట్లోంచి ఒక్క ముక్క రాకూడదు. రిటైరైనా ఆ పాఠం రిటైరవదు. శ్రీదుర్గది నిజంగానే తియ్యటి గొంతు. మొట్టమొదటి ప్రశ్నే మీరు ఏ యూనిట్ అండీ అని. ఇంకేముంది, శత్రువు చోడవరం దాకా వచ్చేశాడనుకున్నాను. ఆ రోజు నా తెలివి గురించి గ్రూపులో పెడితే అందరూ బొటనవేళ్ళు ఎత్తారు. అంతటితో ఆగక, కొత్త నంబరు నుంచి ఎవరడిగినా నోరు విప్పొద్దని ఇంటిల్లిపాదికీ శిక్షణ కూడా ఇచ్చాను.

మరి క్విజ్‌లో? "మీలో ఎలాంటి సైనికుడు ఉన్నాడు?" అని అడిగితే నా రెజిమెంటు, మొదటి పోస్టింగు, మంచులో నా పక్కన పడుకున్న నేస్తం పేరు, అన్నీ రాశాను. దానికి గొంతు లేదు కదా, గొంతు లేనిది ఎవరికి చెబుతుందిలే అనుకున్నాను. ఆ కుర్చీలో కూర్చుంటే సిగ్గేసింది నాకు. నన్ను నెమలిని చేసినవాడికి నా జాతకమంతా విప్పి చెప్పాను. నా కూతురికి సాయం చెయ్యబోయిన మనిషికి నేను బతికున్నానని కూడా చెప్పలేదు.

దాచుకుని లాభం లేదు. లేచి నిలబడి, మడమలు కలిపి, చనిపోయింది నేనేనమ్మా అని చెప్పాను. శ్రీదుర్గ మొదట నమ్మలేదు. బెండకాయల సంగతి గుర్తు చేశాక నమ్మింది. నమ్మాక కోప్పడింది, మీ మూలంగా నేను రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదండీ అంది. తర్వాత ఆవిడకి నవ్వొచ్చింది. ఆ నవ్వు పక్క బల్లకీ, దాని పక్క బల్లకీ పాకి, లోపలి గదిలో ఉన్న పెద్ద ఆఫీసరు బయటికొచ్చారు.

ఆయన నవ్వలేదు. నా కాగితాలు చూశారు, నన్ను చూశారు. కాగితాలు ఎవరైనా తేవచ్చు, పోయారని రికార్డులో ఎక్కిన మనిషి తిరిగొస్తే ఇంట్లోవాళ్ళ చేత ఒక మాట చెప్పించాలి అన్నారు. దరఖాస్తులో రెండో నంబరు విద్యార్థినిది ఉంది, ఆ అమ్మాయి చెబితే ఇప్పుడే మంజూరు పత్రం మీద సంతకం పెడతానన్నారు. ఇంత సులువా అని నా ప్రాణం లేచి వచ్చింది.

శ్రీదుర్గ ఆఫీసు ఫోను నుంచి గౌతమికి చేసి, అందరికీ వినపడేలా పెట్టింది. అమ్మా, మీ నాన్నగారు బంగార్రాజు గారు ఉన్నారా అని అడిగింది.

"మీరెవరండీ?" అంది గౌతమి.

ఆఫీసు పేరు చెప్పింది శ్రీదుర్గ. అలాగే చెబుతారండీ అందరూ, అంది గౌతమి. మా నాన్న గురించి ఫోనులో ఒక్క ముక్క చెప్పను, నంబరు రాసుకున్నాను, పోలీసులకిస్తాను అంది. నా శిక్షణ ఎంత బాగా వంటబట్టిందో అప్పుడు చూశాను. గర్వంగానూ ఉంది, తల బాదుకోవాలనీ ఉంది. ఆఫీసరు గారు గడియారం చూసుకున్నారు.

నేను ఫోను దగ్గరికి వంగి, ఒసే గౌతమీ, నేనేనే, మాట్లాడు అన్నాను.

"ఈ రోజుల్లో గొంతులు కూడా దొంగిలించేస్తన్నారు" అంది. "నువ్వు మా నాన్నవే ఐతే ఒకటి సెప్పు. నాకు ఐదేళ్ళప్పుడు మా నాన్న సెలవుకొచ్చేడు. బస్టాండులో ఆయన్ని సూసి నేనేటన్నాను?"

ఇలాంటి ప్రశ్న ఏ క్విజ్‌లోనూ రాలేదు నాకు. కింద నాలుగు జవాబులు లేవు నొక్కడానికి. జవాబు తెలుసు, కాని అది నోటితో ఎవరితోనూ అనలేదు ఇన్నేళ్ళలో. బల్లల దగ్గర అందరూ నన్నే చూస్తున్నారు.

"అమ్మా, ఈ అంకులెవరు అన్నావు" అన్నాను. "మీ అమ్మ కొంగెనకాల దాక్కున్నావు. ఏడాది దాటిపోనాది నిన్ను సూసి."

ఎవరూ నవ్వలేదు. అడగకపోయినా నేనే ఇంకొకటి చెప్పాను. "అప్పుడు నేను ట్రంకుపెట్టి తాడు సరిచేస్తన్నట్టు వంగేను కదా. తాడు బాగానే ఉంది. కళ్ళు తుడుసుకున్నాను. అది మీ అమ్మకి కూడా తెల్దు."

ఫోనులోంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. తర్వాత గౌతమి, "ఆయన మా నాన్నే మేడం" అంది. "బతికే ఉన్నారు. రాసుకోండి."

ఆఫీసరు గారు అక్కడే నిలబడి సంతకం పెట్టారు. శ్రీదుర్గ మంజూరు పత్రం కవర్లో పెట్టి ఇస్తూ, సోమవారం దాకా ఎందుకు, రేపే కాలేజీలో ఇచ్చెయ్యండి అంది. ఆవిడకి దండం పెట్టాను. సెల్యూట్ కూడా చేశాను. ఈ తియ్యటి గొంతుకి ఇక జన్మలో అబద్ధం చెప్పనని మాటిచ్చాను. ఫోను ఇంకా పెట్టలేదని అప్పుడు చూసుకున్నాం. గౌతమి అటువైపు అలాగే ఉంది.

"నాన్నా, ఏ బస్సుకొస్తన్నావు? బస్టాండుకి నేనొస్తాను."

నాకు దారి తెలీదా, పరీక్షకి చదువుకోక నువ్వెందుకే అన్నాను.

"నువ్వు దిగ్గానే అందరికీ వినపడేలాగ నాన్నా అని పిలవాలి" అంది.

పిలిచింది కూడా. సాయంత్రం చోడవరంలో బస్సు ఆగి, నేను మెట్టు మీద కాలు పెట్టానో లేదో, పళ్ళబళ్ళ అవతల నుంచి ఒక్క కేక పెట్టింది. బస్సు దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు అందరూ తిరిగి చూశారు. నేను మాత్రం వెంటనే పలకలేదు. ఇంకోసారి పిలుస్తుందని ఆగాను.