గాలి మీద పడ్డ నింద

ఎండబెట్టిన ప్లమ్ పండు తింటూ గింజ కొరికినప్పుడే వెలిజార్ జ్ఞానదంతం పగిలింది. పటుక్కుమన్న చప్పుడు అతను స్వయంగా విన్నాడు. అయినా ఊళ్ళో ఎవరూ గింజ సంగతి ఒప్పుకోలేదు. ఎదురెదురు కిటికీలు తెరిచి పడుకున్నాడనీ, వాటి మధ్య దూసుకుపోయే గాలి, అదే ప్రొమాయా, పంట్లో దూరిందనీ తేల్చేశారు.

అక్క స్టమెనా మరీనూ. ఆగస్టు ఉక్కలో కిటికీలన్నీ బిగించి, తమ్ముడి దవడకు ఉన్ని శాలువా చుట్టి, ఇంట్లో కాచిన రాకియా సారాలో దూది ముంచి పంటి మీద పెట్టింది. బడిలో ఏళ్ళ తరబడి భౌతికశాస్త్రం చెప్పిన వెలిజార్, గాలికి పన్ను పగలగొట్టే బలం ఉండదని ఆమెకు నచ్చజెప్పలేకపోయాడు. దవడలోంచి గాలి పోయేదాకా ఓపిక పట్టమని, డాక్టరు దగ్గరికి పోనివ్వకుండా ఆమె రోజూ ఆపేది.

చివరికి పట్నంలో పళ్ళ డాక్టరు జాగోర్కా ఆ మధ్యాహ్నమే గది మూసి సముద్రతీరానికి పోతోందనీ, నెలాఖరు దాకా రాదనీ తెలిసింది. అక్క పెరట్లో ఉన్న సమయం చూసి వెలిజార్ బస్సెక్కాడు.

బస్సు పొయ్యిలా ఉంది. పన్ను సమ్మెటతో కొట్టినట్టు పోటు పెడుతోంది. ఉండబట్టలేక కిటికీ అద్దం తెరిచాడు. సిగరెట్టు కోసం డ్రైవరు తన అద్దం అప్పటికే తెరుచుకున్నాడు. గాలి అడ్డంగా కొట్టింది.

వెనక సీటు ముసలమ్మ క్రిస్టీనా మెడ పట్టుకుంది. "నీ పన్ను ఎలాగూ పోయింది నాయనా. మా మెడలు కూడా పోవాలా?"

తలా ఒక మాట అందుకున్నారు. ఒకప్పుడు వెలిజార్ దగ్గరే చదువుకున్న డ్రైవరు బండి పక్కకు తీసి ఆపేశాడు. "మాస్టారూ, మీరు మూస్తే కదుల్తుంది. నా నడుం పట్టేస్తే బండి మీరు తోల్తారా?"

వెలిజార్ గాలి సూత్రాలు చెప్పబోయాడు. సగం మాటలు శాలువాలోనే ఉండిపోయాయి. అవతల డాక్టరు వెళ్ళిపోతుంది. పళ్ళు నూరుకుందామన్నా నూరుకోలేని స్థితి. అద్దం మూశాడు.

అతను చేరేసరికి జాగోర్కా పెట్టె పక్కన పెట్టుకుని తాళం వేస్తోంది. వెలిజార్ బుగ్గ చూపించాడు. ఆమె ఒకసారి పెట్టెను, ఒకసారి శాలువాను చూసి తాళం మళ్ళీ తీసింది.

లోపల కిటికీలు బార్లా తెరిచి తెల్లటి తెరలు ఎగిరేలా చేసింది. చదువుకున్న మనిషి ఒకరైనా దొరికారని అతని ప్రాణం కుదుటపడింది. సారా వాసనకు ఆమె కనుబొమ్మలు లేచాయి. దూదితో మాత్రమేనని సైగ చేశాడు. అక్కగారి వైద్యమా అని నవ్వింది.

మత్తుమందు ఎక్కించి, రెండు ముక్కలైన పన్ను పీకి చూపించింది. "గింజ కొరికారు కదూ?"

ఆ ఒక్క మాటకు అతనికి కన్నీళ్ళు ఆగలేదు.

ఆ తర్వాత ఆమె లేచి కిటికీలు ఒక్కొక్కటే మూసింది. "పచ్చిపుండు మాస్టారూ. ప్రొమాయా తగలనివ్వకండి, ఇంకేమైనా ఉందా."

నోట్లో దూది ఉండటంతో వెలిజార్ వాదించలేకపోయాడు. అతని బుగ్గ నొక్కుకుపోకుండా ముడి పక్కకు జరిపి, శాలువా ఆమే కట్టింది.

తిరుగు బస్సులో ఉక్కకు తాళలేక ఎవరో ఒకామె అద్దం తెరిచింది. చల్లటి గాలి బుగ్గకు హాయిగా తగిలింది. బస్సంతా అతని వైపే చూసింది. వెలిజార్ కాసేపు బిగబట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ఎందుకైనా మంచిదని లేచి, ఆమెకు తలవంచి క్షమాపణ తెలిపి, అద్దం మూసేశాడు.