లెక్కకు దొరకని రెండు గంటలు

"ఎంతవరకు చదివావు?" అని అడిగాడు ఆసుపత్రి కంప్యూటర్లు చూసే ఆఫీసరు, మేమంతా గ్రాఫుల సారు అని పిలిచే ఆయన. ఆ కంప్యూటర్లు ఎందుకు ఆగిపోయాయో తేల్చడానికి కౌంటర్‌లో పనిచేసే నన్ను పిలిచి, అడగాల్సిన మాట అదా?

"తొమ్మిదితో మాన్పించేశారు సార్."

"అదీ సంగతి," అంటూ ఒక కాగితం నా ముందుకు తోశాడు. కౌంటర్ సిబ్బంది ఇష్టమొచ్చినట్టు మీటలు నొక్కడం వల్లే కొత్త డేటాబేస్ యంత్రం ఆగిపోయిందని అందులో ఉంది. కింద నా సంతకానికి చోటు వదిలారు.

సంతకం పెడితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే, కింది అంతస్తులో సిబ్బంది పిల్లల గదిలో నా ఎనిమిది నెలల పాపకు చోటుండదు. ఇంట్లో చూసే దిక్కు లేదు. పెన్ను తీసుకున్నాను గానీ మూత తీయలేదు.

"రోగుల రికార్డుల కోసమే ప్రత్యేకంగా చేయించిన యంత్రం మేడమ్," అని సారు బల్లకు అవతల కూర్చున్న సూపరింటెండెంటమ్మతో అంటున్నాడు. "ఆరు నెలల వాడకం చూసి, ఇకముందు ఎంత వాడతారో అంచనా కట్టే మోడల్ చేసి, దానికి రెట్టింపు బలమున్నది తెప్పించాను. నా లెక్క తప్పదు."

నోరు ఊరుకోలేదు. "పొద్దున ఎనిమిది నుంచి పది దాకా ఎంత వాడినట్టుంది సార్?"

"దాదాపు ఖాళీ. ఇదిగో, గీత నేల మీద పాకుతోంది."

"సగం జనం వచ్చేది అప్పుడే సార్. పాత యంత్రం మొరాయిస్తుందని చిట్టీల మీద రాసుకుని, జనం పలచబడ్డాక కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్ళం. కొత్తది రాగానే చిట్టీలు మానమన్నారు. నాలుగు వందల మంది ఒక్కసారే దాని మీద పడ్డారు."

"ముందే ఏడవొచ్చుగా!"

"ఎవరడిగారు? కౌంటర్ దగ్గర మీ మొహమే చూడలేదు."

"నోరు బాగానే లేస్తోందే. మోడల్‌కి కనబడనిది మోడల్ ఎలా చెబుతుందమ్మా?"

"నాకు కనబడింది కదా సార్. నన్నడిగితే మీ చదువేం అరిగిపోయేది కాదు."

సూపరింటెండెంటమ్మ కళ్ళజోడు తీసింది. "ఆ చిట్టీలున్నాయా?"

"బీరువా నిండా ఉన్నాయమ్మా. ఒక్కోదాని మీద టైము కూడా వేశాం."

ఆవిడ సంతకం లేని కాగితాన్ని లాక్కుని రెండుగా చింపింది. "సోమవారం నుంచి మీరు ఈ అమ్మాయి పక్కన కూర్చోండి. ఆ చిట్టీలన్నీ లెక్కలోకి ఎక్కించాకే నాకు గీతలు చూపించండి."

మెట్ల దగ్గర సారు నన్ను దాటుకుంటూ పళ్ళు కొరికాడు. "నీ పక్కన కూర్చుని నేను నేర్చుకోవాలా?"

"అక్కడ ఒక్కటే స్టూలుంది సార్. ఎనిమిదిలోపు రాకపోతే నిలబడి నేర్చుకోవాలి," అని పాప కోసం కిందికి దిగాను.