నీడ ముడుచుకున్న కానుగలు

పొద్దున్నే యాప్రాల్ బస్సు దిగి, నర్సరీ గేటు దాటగానే నాంచారమ్మ చేసే మొదటి పని, పెరుగన్నం డబ్బాను తోటి కూలీ ఎలీనా పెంచే వరసలోని కానుగ నీడలో పెట్టడం. ఎలీనా చేసే మొదటి పని, ఇంటి నుంచి తెచ్చిన గుమ్మడి వడియాల చాటను నాంచారమ్మ వరస నీడలో పెట్టడం.

ఎలీనా కానుగల విత్తనం కోనసీమది. వాళ్ల అమ్మమ్మ ఊరి కాలవగట్టు మీద ఏరుకొచ్చింది. వాటి నీడ ఎప్పుడూ తడితడిగా ఉండేది. అందులో కాలు పెడితే చెప్పు మెత్తగా దిగబడేది, మండుటెండల్లో కూడా పెరుగు పులిసేది కాదు. నాంచారమ్మ కానుగలది మక్తల్ పక్కన ఆమె పుట్టిన ఊరి విత్తనం. వాటిది పొడి నీడ. వడియాలు ఒక్క పూటలో గలగలలాడేవి. వానాకాలంలో వాచ్‌మన్ తన యూనిఫాం కూడా అక్కడే ఆరేసుకునేవాడు. ఏ ఊరి చెట్టు ఆ ఊరి నీడే వేస్తుంది. అందులో చెప్పుకునేదేముంది?

ఏప్రిల్ చివర్లో రాఘవేందర్ సారు వచ్చి రెండు వరసల నీళ్ల పైపులూ విప్పించాడు. బేగంపేట ఆఫీసులో పెద్దాయన ఆయన.

"ఇయ్యాల్టి నుంచి నలభై రోజులు చుక్క నీళ్లు పొయ్యొద్దు. ఓర్చుకున్న వరసను రోడ్ల పొంటి పెట్టిస్తం. ఎండిన వరసను పీకేస్తం."

వరస పోతే ఆ వరస మనిషి పని కూడా పోయినట్టే. ఆ మాట సారు అనలేదు, అనక్కర్లేదు కూడా. అంతకు ముందు చింత మొక్కల వరస పీకేసిన మర్నాటి నుంచే ఆ వరస చూసే ఊర్మిళ పనిలోకి రావడం మానేసింది.

ఎనిమిదో రోజుకు నాంచారమ్మ కానుగలు ఆకు రాల్చడం మొదలుపెట్టాయి. పదిహేనో రోజుకు నలభై మొక్కలూ నలభై పుల్లలయ్యాయి. పక్క వరస మాత్రం నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది.

"ఏంటి నాంచారక్కా, నీ పిల్లలందరూ గుట్ట మీది గుడికెళ్లి గుండ్లు చేయించుకొచ్చారా?" అని ఎలీనా నవ్వింది. నాంచారమ్మ నవ్వలేదు. ఎలీనా కూడా నవ్వు ఆపేసింది. అటూ ఇటూ చూసి తన నీళ్ల సీసా తెచ్చి చేతిలో పెట్టింది.

"మొక్కల మొదట్లో తలా గుక్కెడు పొయ్యి. ఎవడు చూస్తాడు?"

నాంచారమ్మ సీసా మూత తీసి వంగింది. వంగిన మనిషి అట్లాగే ఆగిపోయింది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆమె నీడ బారుగా ఉంది, సీసా నీడ ఉంది. పుల్లకు మాత్రం నీడ లేదు. ఆ వరస పొడుగునా నేల మీద గీత లేదు. గోటితో బెరడు కాస్త గీరింది. లోపల పచ్చిగా ఉంది.

"వద్దు చెల్లె," అని సీసా తిరిగి ఇచ్చేసింది. "ఇయ్యి ఒక్కపొద్దు ఉన్నయి. నీడను లోపలికి ముడుచుకొని కూసున్నయి. ఉపాసమున్నోళ్లను నడుమల లేపి బువ్వ పెడితే పాపం కాదా?"

"నీ ఒక్కపొద్దు సంగతి సారుకెవరు చెబుతారు?"

పన్నెండేళ్లుగా నాంచారమ్మ సారుతో 'అట్లనే సార్' అనే మాట తప్ప ఇంకో మాట మాట్లాడి ఎరగదు.

ఇరవై ఆరో రోజు సారు వచ్చాడు. ఆయన ఎప్పుడొచ్చినా పన్నెండింటికే. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నాడు. మనిషి నీడ మనిషి కాళ్ల కిందే ఉంది. పుల్లలను ఫోన్లో ఫొటోలు తీసుకున్నాడు.

"అన్నీ పాయె. రేపు పొద్దుగాల ట్రాక్టర్ వస్తది, నాంచారమ్మా. అన్నీ పీకేసి ఎక్కియ్యి."

అట్లనే సార్ అనబోయింది. అనకుండా పుల్లలకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"నాలుగు దాకా ఉండుండ్రి సార్."

సారు ఫోన్ దించాడు. ఈమెకు గొంతుందని ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది.

"నాలుగింటికి ఏమున్నది?"

"నీడలు సార్. మీరు పన్నెండింటికే వస్తరు. అప్పుడు దేని నీడా కనవడదు." ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని ఆమెకు తెలుసు, అందుకే ఆపలేదు. "గంతదాక పెరుగన్నం తిందురు గానీ రాండ్రి."

నాంచారమ్మ ఎలీనా వరస నీడలోంచి డబ్బా తెచ్చి మూత తీసింది. గుప్పుమని పులిసిన వాసన. నాంచారమ్మ, ఎలీనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండేళ్లలో ఆ నీడలో పెరుగు పులవడం అదే మొదటిసారి.

సారు పులిసిన పెరుగన్నమే, ఎలీనా వేయించి తెచ్చుకున్న వడియాలు నంజుకుని తిన్నాడు. నాలుగైంది. నాంచారమ్మ కంచె లోంచి ఒక ఎండిన తుమ్మకొమ్మ లాగి, తన వరసలో గుచ్చింది. కొమ్మ నీడ మూరెడు పొడుగున పడింది. దాని పక్కన నలభై పుల్లలు ఎండలో నిలబడి ఉన్నాయి. ఒక్కదానికీ నీడ లేదు.

"సచ్చినదైతే నీడ పడతది సార్, ఈ కొమ్మకు పడ్డట్టు. ఇయ్యి సావలే."

సారు మోకాళ్ల మీద కూర్చుని నేల మీద అరచెయ్యి ఆనించి చూశాడు. "అరే, నేను ఎన్నడన్న పొద్దుమీకి వస్తే కదా!" అని తనను తానే తిట్టుకున్నాడు.

నాంచారమ్మ వెంటనే పక్క వరస చూపించింది. "గా నీడలో చెయ్యి పెట్టి చూడుండ్రి సార్."

ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. నీడ మాత్రం పెనంలా కాలుతోంది. ఉన్న తడినంతా ఆ చెట్లు ఇరవై ఆరు రోజులూ దోసిళ్లతో పంచేశాయి. ఎలీనా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంకో రెండ్రోజులైతే నిలువునా పోతయి సార్," అంది నాంచారమ్మ. "గింత దాసుకునుడు వీటికి ఎరుకలేదు. కాలవ పక్కన పుట్టినయి, ఎందుకు దాసుకుంటయి? వీటిని చెరువు కట్టకు పెట్టుండ్రి. నావాటిని రోడ్డుకు పంపుండ్రి. రెండూ బతుకుతయి."

సారు చెయ్యి దులుపుకుని లేచాడు. తర్వాత రిజిస్టర్‌లో 'కోనసీమ వరస, ఇరవై ఆరు రోజులు ఓర్చింది' అని రాసుకున్నాడు. రాయడం అయిపోయాక ఇక బతికించడానికి అడ్డమేముంది? "ఎలీనమ్మా, పైపు పెట్టు," అన్నాడు. ట్రాక్టర్‌వాడికి ఫోన్ చేసి రేపు రావద్దన్నాడు.

ఎలీనా పైపు దగ్గరికి పరుగెత్తింది.

వెళ్లబోతూ సారు మళ్లీ రిజిస్టర్ తెరిచి ఇంకో మాట రాసి, నాంచారమ్మ ముందు పెట్టాడు. ఆమె అయిదో తరగతి దాకా చదువుకుంది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. 'ప్రతి వరసకు నీడలు చూసి చెప్పేది: నాంచారమ్మ.' కింద సంతకం.

"అట్లనే సార్," అంది, ఈసారి నవ్వుతూ.

నలభై రోజులు నిండాక వాన పడింది. మూడో రోజు పొద్దున పుల్లలకు ఎర్రటి చిగుళ్లు. ఎలీనా వడియాల చాట పట్టుకుని వచ్చింది.

"నీడ పడిందా అక్కా?"

నాంచారమ్మ వంగి చూసింది. నేల మీద వేలి గోరంత పొడి నీడ పడింది.

"పడ్డది చెల్లె. ఇయ్యాల ఒక్కటే వడియం పట్టేటట్టున్నది."

"పెట్టెయ్," అంది ఎలీనా.