పాతరలో గాలి

మూడు రోజులు కురిసిన అకాల వాన సుందరరామయ్యకు నిద్ర లేకుండా చేసింది. ఇంటి ముందు పాతరలో జొన్నలున్నాయి. రెండున్నర నిలువుల లోతు గొయ్యి అది. మూతి ఒక మనిషి దిగేంత, కడుపు గదంత. అడుగున, పక్కలా చొప్ప పరిచి, గింజ పోసి, పైన పలకబండ మూసి మట్టి మెత్తితే రెండేళ్ళయినా గింజకు చెడుపు లేదు. తడి తగిలిందంటే మాత్రం పది రోజుల్లో పోతుంది.

వాన వెలిసిన పొద్దున ఆయన బండ తీయించాడు. లోపలి నుంచి వెచ్చగా, పులిసిన గంజిలాంటి వాసన వచ్చింది.

"తడిసినట్టే ఉంది. ఈ పొద్దే తీయాల" అన్నాడు.

పాతరలోకి మనిషిని దించే ముందు దీపం దించడం ఆ ఇంటి ఆచారం. సుందరరామయ్య భార్య ప్రమిదలో నూనె పోసి, ఉట్టి చిక్కంలో పెట్టి, తాడు కట్టి మెల్లగా దించేది. ధాన్యలక్ష్మి మొహం చూసి రమ్మని పంపడమట అది. దీపం వెలుగుతూ పైకొస్తే తల్లి సంతోషంగా ఉన్నట్టు. ఆరిపోతే కోపంగా ఉన్నట్టు, ఇంకో రోజు ఆగాలి. కోడలు అనంతలక్ష్మి కాపురానికొచ్చిన మూడేళ్ళలో రెండుసార్లు ఆ తంతు చూసింది. రెండుసార్లూ వంటింటి తలుపు వెనక నవ్వుకుంది.

ఈసారి దీపం లేదు. దర్శిలో దాయాదుల ఇంట పిల్ల పుట్టింది. పదిరోజులు పురుడు. అత్తగారు అక్కడికే పోయింది. పురుట్లో దేవుడి దీపం పనికిరాదు. పాతరలో చీకటికి ఏం చేద్దామని సుందరరామయ్య తటపటాయిస్తుంటే, ఆయన కొడుకు చెన్నకేశవరావు కర్నూలు నుంచి తెచ్చిన బేటరీ లైటు చేతికిచ్చాడు. మంచి ఆలోచనేనని అనంతలక్ష్మి కూడా అన్నది. నూనె ఒలికి చొప్ప అంటుకునే భయం లేదు కదా అన్నది. ఆ మాట తానే అన్నట్టు ఆమెకు తరువాత చాలాకాలం గుర్తుండిపోయింది.

దిగాల్సింది జ్ఞానయ్య. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటి పాతర తీసేది, నింపేది అతనే. భార్య దానమ్మ, తమ్ముడు ఏసురత్నం పైన గంపలు అందుకోవడానికి వచ్చారు.

"అయ్యా, దీన్ని యాడ పెట్టుకోవాల? రెండు చేతులూ గంపకే చాలవు" అన్నాడు జ్ఞానయ్య, లైటును అటూ ఇటూ తిప్పుతూ.

"నోట్లో పెట్టుకో" అన్నాడు ఏసురత్నం.

"వద్దులే, మింగుతాడు. కడుపులో వెలుగుతా ఉంటే రాత్రి నాకు నిద్ర పట్టదు" అంది దానమ్మ. వాకిట్లో అందరూ నవ్వారు. జ్ఞానయ్య కూడా నవ్వుతూనే, తాడు పట్టుకుని, మూతి రాళ్ళకు కాళ్ళు తన్నిపెట్టి దిగాడు.

మొదటి గంప వచ్చింది. జొన్నలు చేతికి వేడిగా తగిలాయి. రెండో గంప సగమే నిండి వచ్చింది.

"ఏందన్నా, అప్పుడే అలిసిపోయినావా?"

"తల దిమ్ముగా ఉందిరా" అన్నాడు జ్ఞానయ్య. మాట ముద్దగా వచ్చింది. "కొంచేపు..."

ఆ తరువాత మాట లేదు.

"అన్నా" అన్నాడు ఏసురత్నం. మళ్ళీ పిలిచాడు. చెన్నకేశవరావు మూతి దగ్గర బోర్లా పడుకుని తొంగి చూశాడు. "కూచున్నాడు. గోడకు ఆనుకున్నాడు. పలకడం లేదు నాయనా."

"పాము" అన్నాడు సుందరరామయ్య. "చొప్పలో చేరి ఉంటుంది."

దానమ్మ మూతి దగ్గరికి దూకినంత పని చేసింది. ఏసురత్నం ఆమెను పక్కకు తోసి, తలగుడ్డ విప్పి నడుముకు బిగించాడు.

అరుపులకు అనంతలక్ష్మి వాకిట్లోకి వచ్చింది. మామగారి ఎదుట అంత ముందుకు ఎప్పుడూ రాలేదు. భర్త భుజం మీదుగా లోపలికి చూసింది. జ్ఞానయ్య తల ఛాతీ మీదకు వాలి ఉంది. అతని చేతిలోంచి జారిన బేటరీ లైటు జొన్నల మీద పడి, అతని పాదాన్ని తెల్లగా, నిలకడగా వెలిగిస్తోంది. మనిషి ఆరిపోయినా ఆ లైటు ఆరలేదు.

ఆమెకు ఎప్పుడో ఆరిపోయిన ఒక కొవ్వొత్తి గుర్తొచ్చింది.

కంభంలో మేనమామ ఇంట ఉండి తొమ్మిదో తరగతి చదివేటప్పుడు, ఎలీషబా టీచరు ఒకరోజు గ్లాసులో వంట సోడా వేసి నిమ్మకాయ పిండింది. నురుగు పొంగి అణిగింది. అప్పుడు గ్లాసు వంచి, నీళ్ళు ఒలకకుండా, పైనున్న ఖాళీని కొవ్వొత్తి మీద పోసింది. కొవ్వొత్తి ఆరిపోయింది. పిల్లలు గారడీ అని నవ్వారు. "గారడీ కాదు. ఇది పులిసిన చోట పుడుతుంది, మామూలు గాలికన్నా బరువు, నీళ్ళలాగ పల్లానికి చేరి నిలుస్తుంది" అన్నది టీచరు. అనంతలక్ష్మి పరీక్షలో దాన్ని నాలుగు వాక్యాల్లో రాసి, నాలుగుకు నాలుగు మార్కులు తెచ్చుకుంది. ఆ తరువాత దానితో ఆమెకు పని పడలేదు.

ఏసురత్నం ఒక కాలు పాతరలో పెట్టాడు. ఆమె వెనక నుంచి అతని చొక్కా పట్టుకుంది.

"దిగొద్దు. దీపం దించి చూడాల ముందు."

సుందరరామయ్య బిత్తరపోయాడు. "పురుట్లో దీపమేందమ్మా? ఒక పక్క మనిషి పోతా ఉంటే పూజలా?"

"పూజ కాదు మామా. లోపల గాలి చెడింది. దీపం ఆరే చోట మనిషి కూడా ఆరిపోతాడు. ఇతను దిగితే ఇద్దరవుతారు."

"వదులమ్మా" అన్నాడు ఏసురత్నం. చొక్కా గుంజుకున్నాడు. అది భుజం దగ్గర పర్రుమని చిరిగింది. ఆమె చిరుగును కూడా వదల్లేదు.

దానమ్మ లేచి ఆమె మొహంలో మొహం పెట్టింది. "ఎవరి పాణమని ఆపుతా ఉండావు? నీ మొగుడైతే ఆపుదువా?"

అనంతలక్ష్మి మూతి దగ్గర పడుకున్న భర్తను చూసింది. "ఆపుతా" అన్నది. తన లెక్క తప్పయితే? నిజంగా పామే అయితే? నాలుగు మార్కుల కోసం రాసిన నాలుగు వాక్యాలను నమ్ముకుని, బతికున్న మనిషిని దక్కకుండా చేస్తోందేమో. ఒక్కొక్క ఊపిరి లెక్కలోకి వస్తోంది, తనది కాదు, కింద ఉన్నవాడిది.

చెన్నకేశవరావే లేచి లోపలికి పరుగెత్తాడు. వంటింట్లో బుడ్డిదీపం వెలిగించి తెచ్చాడు. తాడు కట్టి దించారు. మూతి దాటింది. మూరెడు దిగింది. మంట పొట్టిదై, నీలంగా మారి, ఎవరూ ఊదకుండానే పోయింది.

మళ్ళీ వెలిగించి దించారు. అదే చోట పోయింది. దాని కింద బేటరీ లైటు మాత్రం అట్లాగే వెలుగుతోంది.

ఏసురత్నం కాలు పైకి తీసుకున్నాడు. అతని పెదాలు తెల్లబడ్డాయి. దానమ్మ నేల మీద కూలబడింది. "అయితే ఇంక ఆ మనిషిని ఎవరూ తీయలేరా?"

నీళ్ళలాగ నిలుస్తుందంటే, నీళ్ళలాగ కలబెట్టవచ్చు. టీచరు అంతవరకూ చెప్పలేదు. పుస్తకంలోనూ లేదు.

"వేపకొమ్మలు" అన్నది అనంతలక్ష్మి. "ఆకు దట్టంగా ఉన్నవి. మోపు కట్టి, బావి తాడుతో దించి, పైకీ కిందికీ కొట్టాల. ఆపకుండా."

పక్కవాకిలి వేపచెట్టు మీద నలుగురు పడ్డారు. మోపు లోపలికి దిగింది, పైకొచ్చింది, దిగింది. మోపు లేచినప్పుడల్లా లోపలి వేడి గాలి పులిసిన వాసనతో మొహాలకు కొట్టింది. సుందరరామయ్య పైపంచె తీసి, రెండు కొసలు తాను, రెండు కొసలు దానమ్మ పట్టుకుని, ఆ గాలిని మూతి మీద నుంచి అవతలికి విసిరారు. పురుడు, తాకకూడదన్న ఎడం, అన్నీ ఆ పంచెలోనే పోయాయి. తాడు రాతికి రాసుకునే చప్పుడు, ఆకుల చప్పుడు.

దీపం దించారు. నిలువెత్తు దిగాక పోయింది.

"ఇంకా కొట్టండి."

జ్ఞానయ్య తల ఇంకొంచెం కిందికి వాలినట్టు కనిపించింది. అది నిజమో, ఆకుల నీడో ఆమెకు తెలియలేదు. అడగడానికి భయపడింది.

ఈసారి దీపం అతని భుజం దాకా పోయింది. చిన్నదైంది, ఊగింది, కానీ నిలిచింది.

ఏసురత్నం చంకల కింద తాడు బిగించారు. అన్నకు కట్టడానికి ఇంకో తాడు చేతికిచ్చారు.

"నువ్వు గట్టిగా లెక్కపెట్టుకుంటా దిగు" అన్నది ఆమె. "లెక్క ఆగితే నిన్ను లాగేస్తాం. అన్న అందినా, అందకున్నా."

అతను ఆమె వైపు చూసి తలూపాడు. ఒకటి, రెండు, మూడు. గొంతు లోపలికి దిగింది. తొమ్మిది దగ్గర వగర్పు వినిపించింది. పదమూడు చాలాసేపటికి వచ్చింది. పద్నాలుగు రాలేదు.

"లాగండి."

"ముడి పడిందో లేదో" అన్నాడు చెన్నకేశవరావు.

"లాగండి."

రెండు తాళ్ళూ బరువెక్కాయి. ముందు ఏసురత్నం వచ్చాడు, కళ్ళు తేలేసి, దగ్గుతూ. అతని వెనక జ్ఞానయ్య, రెండు జబ్బల కింద తాడుతో, గోనెసంచిలా. వాకిట్లో పడుకోబెట్టి బోర్లా తిప్పి వీపు రుద్దారు. నీలంగా ఉన్న పెదాల నుంచి కొంచెం నురుగు వచ్చింది. ఇంకేమీ రాలేదు. దానమ్మ అతని అరికాళ్ళు రుద్దుతూ, తిడుతూ, రుద్దుతూ ఉంది. చాలాసేపటికి గొంతులో గురకలాంటిది లేచింది. తరువాత వాంతి అయింది.

అనంతలక్ష్మి అరుగు మీద కూచుంది.

దానమ్మ తలెత్తకుండానే అన్నది: "నువ్వు చొక్కా పట్టుకున్నప్పుడు నీ వంశం నిర్వంశం కావాలనుకున్నా అమ్మా."

"అనుకోవాల్సిందే" అన్నది అనంతలక్ష్మి.

ఏసురత్నం దగ్గు ఆపుకుంటూ లేచి కూచున్నాడు. "అయ్యా, పై వీధి నరసింహులు..." అన్నాడు. మళ్ళీ దగ్గాడు. "ఆయన పాతర కూడా తడిసింది. ఈ పొద్దే తీస్తానన్నాడు."

ముందు లేచింది ఆమే. మామగారు పక్కకు జరిగి దారి ఇచ్చాడు. కాపురానికొచ్చిన మూడేళ్ళలో ఒంటరిగా నడవని వీధిలో, చెప్పుల్లేకుండా, పైట జారుతుంటే పళ్ళతో పట్టుకుని అనంతలక్ష్మి పరుగెత్తింది. మలుపు తిరగ్గానే తీసిపెట్టిన పలకబండ కనిపించింది. పక్కన ఖాళీ గంపలు. మనిషి కనబడలేదు.

ఇంకో నాలుగు అడుగులు వేశాక కనిపించాడు. నరసింహులు గంపల వెనక, ఒక కాలు పాతరలో వేలాడేసుకుని, ఆకువక్క నములుతూ కూచున్నాడు.

"ఏందమ్మా, ఇంత ఆయాసం? మీ ఇంటి బావితాడు కోసమే చూస్తా ఉన్నా. మాది చివికిపోయింది. పంపిస్తారా?"

రొప్పుతూనే ఆమె అతని కాలు చూపించి, పైకి తియ్యమని చేత్తో సైగ చేసింది. అతను తీసేదాకా చేయి దించలేదు.