కాసేపటి స్పీడు

కోదాడలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తు మెట్లెక్కి, తలుపు కొట్టేముందు మల్సూర్ ఊపిరి కోసం ఆగి, గుమ్మం పక్కనున్న చెప్పుల స్టాండు వంక చూశాడు. చెప్పుల్ని బట్టి మనిషిని అంచనా వేయడం అతని అలవాటు. మెరిసే బూట్లు ఉన్నవాళ్లు పెద్దగా అరిచి తొందరగా చల్లబడతారు. ఇక్కడ ఒక్క జత ఆడవాళ్ల చెప్పులున్నాయి, అవీ దుమ్ముకొట్టుకుని. గడప దాటకుండా కంప్యూటర్ ముందు ఉద్యోగం చేసే మనిషన్నమాట. ఇలాంటివాళ్లు అరవరు, బతిమాలతారు. అరిచేవాళ్ల కంటే బతిమాలేవాళ్లంటేనే అతనికి చులకన.

మల్సూర్‌కు యాభై దాటాయి. బొజ్జ మీద చొక్కా గుండీ ఎప్పుడు తెగుతుందా అన్నట్టు బిగిసి ఉంటుంది. ఎడమ బొటనవేలి గోరు ఎన్నడో వైరు కోస్తూ చీలి, రెండు ముక్కలుగానే పెరిగింది. ఎక్కడ నిలబడ్డా బరువంతా ఒక కాలి మీదే వేస్తాడు. చిన్నప్పుడు చివ్వెంలలో తండ్రి గట్టయ్య గొర్ల వెంట కర్రకు ఆనుకుని నిలబడ్డ అలవాటు అది. గొర్లు పోయినా అది పోలేదు.

అతని ఉద్యోగానికి పేరు లేదు. సూర్యాపేటలో శివకుమార్ ఆఫీసు ఉంది. కోదాడకూ, మిర్యాలగూడకూ అక్కడినుంచే ఇళ్లకు ఇంటర్నెట్ ఇస్తారు. శివకుమార్ తండ్రి కాలంలో మల్సూర్ డాబాల మీద టీవీ కేబుల్ లాగేవాడు. ఇప్పుడు స్తంభాలెక్కే ఒళ్లు కాదు. అందుకని నెట్టు నత్తలా పాకుతోందని ఫిర్యాదు చేసినవాళ్ల ఇంటికి పోయి, స్పీడు చూపించి వస్తాడు. బాగుచేసేది ఏమీ ఉండదు. గోడకున్న పెట్టె దుమ్ము తుడిచి, కాస్త అటూ ఇటూ జరిపి, ఆఫీసులో ఉన్న ఉమకు ఫోన్ చేసి "ఈ లైను జర సూడు" అంటాడు. కాలువకు తూము ఎత్తినట్టు ఉమ ఆ ఒక్క ఇంటికి లైను వదులుతుంది. ఫోన్లో స్పీడు ముల్లు గిర్రున లేస్తుంది. మెట్లు దిగాక "అయిపోయింది" అంటాడు. తూము దిగిపోతుంది.

ముల్లు లేవగానే ఎంత చదువుకున్నవాడైనా చంటిపిల్లాడిలా నవ్వుతాడు. మర్నాడు మళ్లీ బొమ్మ ఆగిపోతే తన ఫోన్‌నో, ఇంటి గోడనో తిట్టుకుంటాడు. ఇన్నేళ్లుగా ఇదే తంతు. గొర్లయినా ఒకసారి పడ్డ గుంతలో రెండోసారి కాలు పెట్టవు అనుకునేవాడు మల్సూర్. అతని ఇంట్లోనూ అదే లైను. సీరియల్ మధ్యలో ఆగి తెరమీద సున్నా తిరుగుతుంటే భార్య లక్ష్మీనర్సమ్మ, ఊరందరికీ చూపించి వచ్చే మొగడు సొంతింట్లో ఒక్కసారి చూపించరాదా అని దెప్పేది.

తలుపు తీసిన కల్యాణి మెడలో హెడ్‌ఫోన్ వేలాడుతోంది. లోపలి గదిలో మంచం మీద ఎవరో మూలుగుతున్నారు. మీటింగుల్లో తన మాట తెగిపోతోందని, ఇంకోసారి అలా జరిగితే హైదరాబాద్ వచ్చి ఆఫీసులోనే కూర్చోమన్నారని, పక్షవాతమొచ్చిన అత్తను వదిలి పోలేనని ఆమె నెమ్మదిగా చెప్పింది. మల్సూర్ విన్నట్టు తలాడిస్తూ పెట్టె తుడిచాడు, ఉమకు ఫోన్ చేశాడు. ముల్లు లేచింది. ఆమె ముఖం వంక చూశాడు. నవ్వు రాలేదు.

"మీరు మెట్లు దిగేదాకే ఉంటుందని నాకు తెలుసు అన్నయ్యా. మీకు గుర్తులేదేమో, పోయినసారీ అంతేగా. ఫిర్యాదు తీరిపోయిందని ఓటీపీ చెప్తాను, కొట్టుకోండి. లేకపోతే మిమ్మల్ని మళ్లీ ఇంతదూరం తిప్పుతారు."

నంబరు చెప్పి, తలుపు మెల్లగా వేసుకుంది. తిట్టి ఉంటే దులుపుకుని పోయేవాడు. కింద బండి దగ్గర చాలాసేపు ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఉమే చేసి అయిపోయిందా అని అడిగింది. ఆ, అన్నాడు.

వెంటనే శివకుమార్ ఫోన్. మిర్యాలగూడలో పెద్దులు చచ్చిపోయాడని, తాను కారులో బయల్దేరానని, నువ్వూ అటే రమ్మని చెప్పాడు.

హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా పోతున్నంతసేపూ మల్సూర్‌కు దుఃఖం రాలేదు, చిరాకే వచ్చింది. పెద్దులు, తను ఒకే నిచ్చెన మోసినవాళ్లు. పెద్దులు ఒకరోజు శివకుమార్ తండ్రికి దండం పెట్టి, మిర్యాలగూడ పోయి సొంత లైను పెట్టుకున్నాడు. నిరుడు ఒక కాలనీలో పాత వైరంతా పీకి కొత్త వైరు లాగి, చెప్పిన స్పీడు చెప్పినట్టు ఇవ్వడం మొదలుపెట్టాడు. చూపించడానికి ఎవరింటికీ పోయేవాడు కాదు, ఆ అవసరం రాలేదు. గల్లీ తర్వాత గల్లీ అటు మళ్లింది. అప్పుడు గాని శివకుమార్ స్పీడు పెంచే కొత్త మెషిన్లకు ఆర్డరివ్వలేదు. అదీ మిర్యాలగూడకే. సూర్యాపేటలో, కోదాడలో పెద్దులు లేడు, కాబట్టి అక్కడ మెషిన్లూ అక్కర్లేదు. నా దగ్గరికి రారా, కలిసి చేసుకుందామని పెద్దులు రెండుసార్లు పిలిచాడు. పిచ్చోడు, మునుగుతాడు అని మల్సూర్ ఆఫీసులో అందరి ముందూ నవ్వాడు.

ఇంటి ముందు షామియానా వేశారు. పొద్దున స్తంభం దిగి, ఛాతీలో పట్టేసినట్టుందని ఎవరి అరుగు మీదనో కూర్చున్నాడట. దవాఖానకు చేరేలోపే పోయాడట. పెద్దులు మొహం ఏదో పని గుర్తొచ్చినవాడిలా ఉంది. భార్య దుర్గమ్మ ఏడవడం ఆపి వచ్చినవాళ్లకు కుర్చీలు చూపిస్తోంది. శివకుమార్ పెద్ద దండ వేసి, కళ్లు తుడుచుకుని, లైన్ల సంగతి తాను చూసుకుంటానని ఆమెకు మాటిచ్చాడు. తర్వాత మల్సూర్‌ను కారు వెనక్కి తీసుకుపోయి, అక్కడే ఫోన్ తీసి, మెషిన్లు పంపొద్దని, తొందరేం లేదని ఎవరికో చెప్పాడు.

"గీడి జనం ఆ స్పీడుకు అలవాటు వడ్డరు గద సార్," అన్నాడు మల్సూర్.

"పడితే ఎటు పోతరు? ఉత్త వరిగడ్డికే పాలిచ్చే బర్రెకు ఎవడన్న పల్లిచెక్క పెడ్తడా? పెద్దులు ఉన్నన్ని దినాలు తప్పలే. ఇంటింటికి పెట్టె మార్సాలె, వైరు మార్సాలె, ఎవనికోసం? మరీ లొల్లి చేసినోని ఇంటికి నువ్వు పోతవ్. మెషిన్ల కన్న నువ్వే అగ్గువ."

భుజం మీద చెయ్యేసి నవ్వాడు. మల్సూర్ కూడా నవ్వాడు. ఆ నవ్వు అలవాటుకొద్దీ దానంతటదే వచ్చింది. వచ్చాక మొహం మీదినుంచి దాన్ని ఎలా తీసెయ్యాలో అతనికి తెలియలేదు. ఇన్నేళ్లూ ఇంతమందిని గొర్లనుకున్నాడు. తన వెల మాత్రం ఇవాళే తెలిసింది.

పెద్దులు వైరు ఎక్కడిదాకా వచ్చిందో చూసి రమ్మని శివకుమార్ పంపితే, ఎండ వాలుతుండగా ఆ కాలనీకి పోయాడు. చివరి గల్లీలో నిచ్చెన ఇంకా స్తంభానికే ఆనించి ఉంది. ఎదురింటావిడ వాకిట్లోకి వచ్చి, పొద్దున అతను కూర్చున్నది తమ అరుగు మీదేనని, నీళ్లు తెచ్చేలోపే పక్కకు ఒరిగాడని చెప్పింది. మల్సూర్ మెడలోని ఆఫీసు కార్డు చూసి, కాస్త సంకోచిస్తూ అడిగింది.

"మా ఇంటికి ఇయ్యాల కలుపుతనన్నడన్నా. ఇగ నువ్వు కలుపుతవా?"

రేపు కలుపుతామని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట ఎన్ని వాకిళ్లలో చెప్పాడో లెక్కలేదు.

"లేదమ్మా. ఇగ ఆ లైను రాదు. మేమిచ్చేది పేరుకే."

ఆమె ఇంకేమీ అడగక లోపలికి పోయింది. మల్సూర్ ఒంటికాలి మీద బరువేసి పైకి చూశాడు. స్తంభానికి కొత్త వైరు చుట్ట వేలాడుతోంది. మంచు తగలకుండా దాని కొసకు పెద్దులు ఖాళీ పాల ప్యాకెట్ తొడిగి, దారంతో చుట్టి, మళ్లీ విప్పుకోవడానికి వీలుగా జారుముడి వేసి పెట్టాడు.