ముప్పయ్యో రాత్రి తెల్లారాక

లోంబే మాస్కు పట్టీలు విప్పి, ముక్కు పక్కన పడ్డ గాట్లను బొటనవేలితో రుద్దుకుంటూ, గాలి మెషిను మీద వెలుగుతున్న అంకెను ఒంటికన్నుతో చూశాడు. మాస్కుతో పడుకున్నది ఆరు గంటల పన్నెండు నిమిషాలు. రెండో కన్ను కూడా తెరిచి ఇంకోసారి చూశాడు. అంకె మారలేదు.

"ముప్పై!" అన్నాడు. మెల్లిగా అన్నాననుకున్నాడు గాని, నిజానికి అరిచాడు.

"గొంతు తగ్గించండి, సంపా నాన్నా. పక్కింటావిడ మళ్ళీ సీసా పట్టుకొస్తుంది," అంది భార్య ఎక్సిల్డా దుప్పటిలోంచి.

ఆ సీసా సంగతి వీధి వీధంతా చెప్పుకుని నవ్వింది. మెషిను ఇంటికొచ్చిన కొత్తల్లో లోంబే రోజూ పొద్దున్నే గొట్టం కడిగి పెరట్లో బట్టల తీగ మీద ఆరేసేవాడు. అంత పొడుగు గొట్టం చూసి పక్కింటావిడ, వీళ్ళు చాటుగా సారా కాస్తున్నారని నమ్మి, ఒక సాయంత్రం కొంగు చాటున ఖాళీ సీసాతో వచ్చింది. ఇందులో వచ్చేది గాలేనమ్మా అని ఎంత చెప్పినా వినలేదు. గాలి కోసం ఎవరైనా కరెంటు ఖర్చు పెడతారా అని మూతి తిప్పుకుని పోయింది.

లోంబేకి యాభై ఒకటి. మెడ ఎక్కడ ముగిసి భుజాలు ఎక్కడ మొదలయ్యాయో చెప్పడం కష్టం. అంత ఒంటికి చేతులు మాత్రం చిన్నవి, నెమ్మదైనవి. ఎడమ అరచేతిలో ఇనప మీట పట్టుకుని పట్టుకుని కాయ కాసింది. ఏడు నెలలుగా మీట ముట్టుకోకపోయినా ఆ కాయ మెత్తబడలేదు. ఆ చేతులతోనే మాస్కును ఎనామెల్ గిన్నెలో చంటిపిల్లల సబ్బుతో కడిగాడు. ఈల వేస్తూ గొట్టం ఆరేశాడు. మెషిను వెనకనుంచి గోరంత కార్డు ఊడదీసి, పోకుండా ఉండాలని ఖాళీ పొడుం డబ్బీలో వేసి మూత బిగించాడు. ముప్పై రాత్రులూ ఆ కార్డులోనే ఉన్నాయి.

కిట్వే ఊళ్ళో లోంబే పనిచేసే రాగి గని మొదలైనప్పటినుంచీ ఒక్క తీరుగా నడిచేది వైండింగ్ ఇంజనే. లోతైన నిలువు బావిలోకి ఇనప పంజరంలో మనుషుల్ని దించేదీ, పైకి లాగేదీ అదే. ఇరవై రెండేళ్ళు దాని మీట లోంబే చేతిలో ఉంది. అతను గని లోపలికి ఒక్కసారీ దిగలేదు. మనుషులూ కనపడరు. అతనికి కనపడేది తాడు చుట్టుకునే చక్రం, లోతు చూపే గడియారంలో ముల్లు. వినపడేది గంట. మూడు కొడితే పంజరంలో మనుషులున్నారని, ఆపైన ఒకటి కొడితే లాగమని. తొమ్మిది వందల మీటర్ల అడుగున ఆ గంట కొట్టేవాడు జకేయో జేరె. మొదటి రెండూ గబగబా కొట్టి, మూడోదానికి ముందు ఒక్క ఊపిరి ఆగుతాడు. ఆ ఆగడం వినగానే లోంబే చేయి దానంతటదే మీట మీదికి పోయేది. పంజరంలో పొడుం డబ్బీ నిండా నీళ్ళు పోసి పెట్టినా లోంబే లాగితే చుక్క తొణకదని గనివాళ్ళు చెప్పుకునేవారు. ఎవరూ పెట్టి చూడలేదు గాని, మాట మాత్రం అలా నిలిచిపోయింది.

మార్చిలో ఒక మధ్యాహ్నం గంట మూడుసార్లు మోగింది, ఆపైన ఒకటి మోగింది. అతను లాగాడు. ముల్లు పైకి వస్తోంది. అది చూస్తుండగానే రెప్ప వాలింది. ఒక్క రెప్పపాటే. వేగం మించగానే అడ్డు బ్రేకు తనంత తానే పడి పంజరం గొలుసు బిగిసిన కుక్కలా ఎగిరి ఆగింది. లోపలున్న ముప్పై మంది ఒకరి మీద ఒకరు పడ్డారు. అదృష్టం, ఎవరూ పోలేదు. ఆ విడతలో తనూ ఎక్కిన జేరె మోకాలి చిప్ప మాత్రం చితికింది.

ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకోబెట్టి వైర్లు పెట్టి చూస్తే, నిద్రలో లోంబే గంటకి నలభై ఏడు సార్లు ఊపిరి ఆపేస్తున్నాడని తేలింది. పదకొండేళ్ళుగా ఆ గురక భరించలేక ఎక్సిల్డా పిల్లల గదిలో పడుకుంటోంది. గురక అనుకున్నారు గాని, అది మనిషి ప్రతి రాత్రీ చచ్చి బతకడమని ఎవరికి తెలుసు? డాక్టరమ్మ గాలి మెషిను ఇచ్చి, మళ్ళీ మీట పట్టాలంటే ఒకటే షరతు పెట్టింది. వరసగా ముప్పై రాత్రులు, రాత్రికి నాలుగు గంటలకు తగ్గకుండా. ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటినుంచి. అప్పటిదాకా దీపాల గదిలో ఉద్యోగం, అంటే గనిలోకి పోయేవాళ్ళకి తలదీపాలు ఇచ్చి వాళ్ళ ఇత్తడి బిళ్ళలు తీసుకోవడం.

మొదటిసారి తొమ్మిదో రాత్రి నిద్రలోనే మాస్కు పీకి గోడకి కొట్టాడు. రెండోసారి పదహారో రాత్రి చావింటికి పోవాల్సి వచ్చింది. చావింట్లో మగవాళ్ళు బయట మంట చుట్టూ పడుకోవాలి, ఇంటికి పోయి పడుకున్నవాడిని మనిషిగా చూడరు. మంట దగ్గర కరెంటు ఎక్కడ? ఇది మూడోసారి. ఈసారి పట్టిన పట్టు విడవలేదు. మాస్కు వేసుకున్నాక ఎక్సిల్డా అతని చెయ్యి తన చేతిలో పెట్టుకుని పడుకునేది, నిద్రలో పీకుతాడేమోనని. పదకొండేళ్ళ తర్వాత ఒకే దుప్పటి.

"ఇవాళే కదా జేరె ఆఖరి షిఫ్టు?" అంది ఆమె, అతనికి టీ ఇస్తూ.

"ఊఁ."

"అతన్ని పైకి లాగేది మీరైతే బాగుండు."

లోంబే టీ ఊదుకుంటూ తాగాడు. ముప్పై రాత్రులూ కళ్ళు మూసుకోగానే అతను అనుకున్నది అదే. పైకి చెబితే దిష్టి తగులుతుందని చెప్పలేదు.

పొద్దున ఐదింటికి దీపాల గది ముందు షిఫ్టు వరస కట్టింది. జేరె కుంటుకుంటూ వచ్చాడు. సన్నటి మనిషి, అరవైకి దగ్గర, గడ్డం నెరిసినా కళ్ళు అల్లరి మానలేదు. లోంబే తెగ బెంబావాళ్ళకీ, జేరె తెగ న్గోనీవాళ్ళకీ తాతల కాలంనుంచి బావా బావమరుదుల వరస. ఎప్పుడో యుద్ధాలు చేసుకున్నారట, ఇప్పుడు వీళ్ళు కోతుల్ని తింటారని వాళ్ళూ, వాళ్ళు ఎలకల్ని తింటారని వీళ్ళూ వేళాకోళం చేసుకుంటారు. ఏమన్నా కోపం తెచ్చుకోకూడదు. వాళ్ళ వస్తువు వీళ్ళు లాక్కున్నా, వీళ్ళది వాళ్ళు లాక్కున్నా, విడిపించుకోవడానికి ఏదో ఒకటి ఇచ్చుకోవాల్సిందే.

"ఏం బావా, రాత్రి ఏనుగు తొండం పెట్టుకునే పడుకున్నావా?" అన్నాడు జేరె. "కోతుల్ని తినీ తినీ ఇప్పుడు ఏనుగుల మీద పడ్డారన్నమాట మీ బెంబాలు."

"నువ్వెళ్ళు చిపాటాకి. మీ ఊళ్ళో ఎలకలు నీకోసం కలుగుల్లోంచి తొంగి చూస్తున్నాయట."

వరసంతా నవ్వింది. జేరె బిళ్ళ ఇచ్చాడు, దీపం అందుకున్నాడు, బల్ల మీదున్న పొడుం డబ్బీని చటుక్కున జేబులో వేసుకున్నాడు. "కోతిగాడి పొడుం మాకే చెందుతుంది!" అంటూ కుంటికాలితోనే పరుగు తీశాడు. వెనక పదిమంది చేతులు చాపి దీపాలడుగుతున్నారు. లోంబే నవ్వుతూ దీపాలందించాడు. ఆరోవాడికో ఏడోవాడికో అందిస్తుండగా అతని నవ్వు ఆగిపోయింది.

అప్పటికి పంజరం దిగిపోయింది.

కాలుగాలిన పిల్లిలా ఆ గదిలో తిరిగాడు. డాక్టరమ్మ వచ్చేది శుక్రవారాలే, అంటే ఇవాళే, అదీ పదకొండు దాకానే. తర్వాత ఇంకో ఊరి గనికి పోతుంది. వచ్చే శుక్రవారానికి జేరె చిపాటాలో ఉంటాడు. పొడుం కాదని చూసి కార్డు ఎక్కడైనా విసిరేస్తే? ముప్పై రాత్రులూ బురదలో కలిసిపోతాయి. పిల్లికి చెలగాటం, ఎలకకి ప్రాణసంకటం అంటారు. ఇక్కడ ఎలకలు తినేవాడే పిల్లయి కూర్చున్నాడు. గని అడుగుకి ఫోను కలిసేసరికి ఏడున్నర దాటింది.

"జేరె! డబ్బీ తెరిచావా?"

"తెరిచాను. ఇదేం పొడుం బావా, గోరు ముక్కలా ఉంది! ముక్కులో పెట్టుకోబోయి ఆగాను."

"అది నా నిద్ర!" అని అరిచాడు లోంబే. "ముప్పై రాత్రులూ అందులోనే ఉన్నాయి. పదకొండు లోపల డాక్టరమ్మకి చూపిస్తేనే నాకు ఇంజను."

అటువైపు నీళ్ళు కారే చప్పుడు మధ్య డబ్బీ మూత టక్కున పడింది.

"అలా అయితే ధర పెరిగింది," అన్నాడు జేరె.

"ఏం కావాలి? కోడిపుంజా? రెండా?"

"నీ కోళ్ళు ఎవడిక్కావాలి! నా ఆఖరి సవారీ నువ్వు లాగాలి. అదీ ధర." గొంతు ఒక్క క్షణం తగ్గింది. "కార్డు కొలతల మేస్త్రీతో పంపుతున్నా, పదిన్నరకి పైకొస్తాడు. డబ్బీ మాత్రం ఇవ్వను. నువ్వు ధర చెల్లించాకే."

పదీ నలభైకి పంజరం పైకొచ్చింది. మేస్త్రీ జేబులోంచి కాగితం పొట్లం తీయడం ఆలస్యం, లోంబే దాన్ని లాక్కుని పరుగెత్తాడు. అంత మనిషి పరుగెత్తడం ఆ గనిలో ఎవరూ చూసినవాళ్ళు లేరు. డాక్టరమ్మ కారు ఎక్కబోతోంది. అతని ముఖం చూసి, తాళాలు మళ్ళీ సంచిలో వేసుకుని లోపలికి నడిచింది.

తెర మీద ముప్పై ఆకుపచ్చ గీతలు నిలబడ్డాయి. ఆమె వేలు ఒకదాని మీద ఆగింది. అది అన్నిటికన్నా పొట్టిది.

"పంతొమ్మిదో రాత్రి ఏమైంది?"

"కరెంటు పోయిందమ్మా. పక్కవీధి మినీబస్సు బ్యాటరీ అడిగి తెచ్చుకున్నా. డ్రైవరు పొద్దున నాలుగింటికే వచ్చి విప్పుకుపోయాడు."

ఆమె కళ్ళజోడు సర్దుకుని దగ్గరగా చూసింది. లోంబే కూడా తెర మీదికి వంగాడు.

"నాలుగు గంటల ఆరు నిమిషాలు," అంది. "ముప్పై నిండాయి. ఇక మెషిను వదిలించుకోవచ్చనుకుంటున్నావా?"

"లేదమ్మా. ఈ రాత్రికి ముప్పై ఒకటి."

డాక్టరమ్మ నవ్వి, కాగితం మీద సంతకం పెట్టింది.

ఇంజనీరు ఆ కాగితం మూడుసార్లు చదివాడు. మొదటి వారం పక్కన ఇంకో డ్రైవరు కూర్చోవాలన్నాడు. ఖాళీ పంజరం నాలుగుసార్లు దించి ఎత్తించాడు. లోంబే ఎడమచేతి కాయ మీట మీది పాత అరుగుడులో సరిగ్గా ఇమిడింది. ఆనందంతో అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి చెయ్యి తీయలేదు.

రెండు కావస్తోంది. పొద్దుటి షిఫ్టు పైకి రావాలి. గంట మోగలేదు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. పక్కన కూర్చున్న డ్రైవరు ఫోను తీసి విని, చేత్తో మూసి చెప్పాడు: "మీట ఎవరి చేతిలో ఉందో కింద తెలిసిందట. ఎక్కం అంటున్నారు కొందరు."

ఎక్కం అనేవాళ్ళ మాట తప్పు కాదని లోంబేకి తెలుసు. తను వాళ్ళ చోట ఉన్నా ఎక్కేవాడు కాదేమో. ముల్లు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఫోనులోంచి జేరె గొంతు ఆ గదంతా వినిపించింది. "ఎక్కకండి! నిచ్చెన ఉందిగా, తొమ్మిది వందల మీటర్లే! రేపటి టిఫిను వేళకి పైకి చేరతారు! నా మోకాలు విరిచింది వాడే, నేను ఎక్కుతున్నా. మీ మోకాళ్ళేమన్నా బంగారంతో చేశారా?"

తర్వాత ఎవరో నవ్వారు, ఇంకెవరో. గంట మోగింది. ఒకటి, రెండు. ఒక్క ఊపిరి ఆగి, మూడు.

ఆరు విడతల్లో షిఫ్టంతా పైకొచ్చింది. ఏడోది జేరె విడత, గంట పంజరంలోనుంచే మోగింది. ఒకటి, రెండు. ఈసారి మూడోది మామూలుకన్నా ఆలస్యమైంది. లోపల ఏదో సర్దుకుంటున్నాడు కాబోలు అనుకున్నాడు లోంబే. మూడు. ఆపైన ఒకటి.

లాగాడు. నిద్రపోయే పసిపిల్లని ఒళ్ళోంచి మంచం మీదికి మార్చినట్టు లాగాడు. ముల్లు తొమ్మిది వందలనుంచి మొదలై పైకి పాకింది. ఐదు వందలు. రెండు వందలు. ఆనాడు రెప్ప వాలిన చోటు వచ్చింది. అతని కళ్ళు పెద్దవిగా, తేటగా, పొద్దుటి ఆకాశంలా తెరుచుకునే ఉన్నాయి. ముల్లు సున్నా మీద ఆగింది. ఆగినట్టు తెలియలేదు.

రెండో షిఫ్టువాళ్ళని ఇంకా మూడుసార్లు దించాలి. తాడు కదులుతున్నంతసేపూ ఇంజను గదిలోకి ఎవరూ రాకూడదు, డ్రైవరుతో మాట్లాడకూడదు. గంట కొట్టేవాడికి ఆ నియమం అందరికన్నా బాగా తెలుసు. ఇరవై రెండేళ్ళలో జేరె ఒక్కసారీ ఆ తలుపు తట్టలేదు.

లోంబే మీట వదిలి లేచేసరికి మూడున్నర. కిటికీలోంచి చూస్తే, జేరెని తీసుకుపోవడానికి వచ్చిన చుట్టాల వ్యాను గేటు దగ్గర లేదు. చిపాటా బస్సు నాలుగింటికి. మంచాలూ కోళ్ళగంపా పైన కట్టుకుని వ్యాను అరగంట కిందటే స్టాండుకి పోయిందని కాపలావాడు చెప్పాడు. లోంబేకి ఒక్కసారిగా నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "ఎలకలోడు, చెప్పకుండానే పోయాడు," అన్నాడు పైకి.

తలుపు తీశాడు. పైనుంచి కిందిదాకా పదకొండు సిమెంటు మెట్లు, వాటి మీద కుంటికాలి బురద అడుగులు వచ్చినవీ పోయినవీ ఉన్నాయి. ఒక్క మెట్టు మీదా ఒలికిన చుక్క లేదు. గడప పక్కన, మూత లేకుండా, అంచుదాకా గని నీళ్ళతో నిండి, పొడుం డబ్బీ ఉంది.